మామిడిపల్లి చిరుత పిల్లలు

“ముట్టకు తాతా! మనం ఇక్కడుంటే తల్లి రాదు,” అంటూ వీరేందర్ ముసలి జంగయ్యను మెట్ట చెలక చివర బాట దాకా వెనక్కి నడిపించాడు.

గడ్డి కోస్తుంటే మూడు కూనలు కనబడ్డాయని అతనికి ఫోన్ చేసింది జంగయ్యే.

“చిరుత పిల్లలే కద సారూ?”

“కాదు, అడవిపిల్లి కూనలు. ఎవ్వల్నీ ఏమనయి.”

“మరి పేపర్ల గట్ల రాసిన్రేంది?”

జంగయ్య అంగీ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో తొమ్మిదేళ్ల నాటి వార్త: ‘మామిడిపల్లిలో చిరుత పిల్లలు’. ఫొటోలో కట్టెలు పట్టుకున్న జనం, వాళ్ల కాళ్ల దగ్గర చచ్చిన కూనలు రెండు.

వీరేందర్ ఆ కవరు అందుకున్నాడు.

“గది రాసింది నేనే తాతా. తెల్వక రాసిన. గందుకే పేపరు నౌకరి ఇడిసిపెట్టి, అవి చిరుతలు కావని ఊరూరికి చెప్పుకుంట తిరుగుతున్న. ఇంట్లోల్లు గూడ పిచ్చోడని దూరం పెట్టిన్రు.”

జంగయ్య ఫొటోలో ముందున్న మనిషి మీద వేలు పెట్టాడు.

“కొట్టినోన్ని నేనే. చిరుతో పిల్లో నాకేమెరుక? వాటి తల్లి నాలుగు దినాలు పిల్లల కోసం ఈ చెలక సుట్టు ఒర్రుకుంట తిరిగింది.”

వీరేందర్ మళ్లీ ఫొటో వైపు చూశాడు. ఇన్నేళ్లుగా తను దిద్దుతూ తిరిగింది ఆ కూనల పేరొక్కటే.

“గా తల్లి గోస గూడ రాస్తరని,” గడ్డి వైపే చూస్తూ అన్నాడు జంగయ్య, “రోజూ పేపరు సదివించుకున్న.”