పక్కా సిరా

"ఏపీ బండి ఒక్కటి గూడ దాటది!"

పాలకుర్తి చౌరస్తాలో సత్తెమ్మ గరిటె అడ్డం పెట్టింది. నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద అన్నం కుతకుతలాడుతోంది. సకల జనుల సమ్మెలో ఆ రోజు వంటా వార్పూ ఆడవాళ్లదే.

రషీదా బేగం స్కూటర్ దిగింది. "సత్తెమ్మక్కా, పొద్దుటి సంది నా బిడ్డ తస్లీమాకు నొప్పులు. జనగామ దవాఖాన్ల ఉన్నది. తొలి కాన్పు."

"అయ్యో బిడ్డా! నేనైతె ఇడుస్త. ముంగట ఊరూరికి ఆపుతరు గద? నంబరు పలక మీద టీజీ రాసుకోన్రి. ఎవ్వలు ఆపరు."

"టీజీ చూస్తె జనగామ కాడ పోలీసోళ్లు బండి గుంజుకుంటున్నరంట," అన్నాడు స్కూటర్ మీదున్న రషీదా భర్త, దస్తావేజులు రాసే ఇస్మాయిల్.

రషీదా అతని జేబులోంచి సిరా కలం లాగింది.

"జర ఆగు! అది పక్కా సిరా. నీళ్లల్ల నానేసినా పోదు."

"కాయితం మీద పోదు. మొన్న బుడ్డి ఒలకబోస్తివి. ప్లాస్టిక్ టేబుల్ గుడ్డ తడిబట్టతోని తుడిస్తె మరక మిగిలిందా? కాయితానికి దూప ఎక్కువ, తాగేస్తది. ప్లాస్టిక్‌కు దూపేడిది?"

సత్తెమ్మ పకపకా నవ్వింది. "సాబూ, నీ కలం నీకంటె అక్కకే ఎరుక!"

ప్లాస్టిక్ పలక మీద సిరా ఆవగింజల్లా ముడుచుకుపోతోంది. రషీదా బొటనవేలితో ఏపీ అక్షరాల మీద సిరా అలికేసి, పక్కనే వంకర టింకరగా టీజీ రాసింది.

"మన్మడు తెలంగాణల పుడుతడు, పో!" సత్తెమ్మ గరిటె తీసింది.

దారిలో ఆపినవాళ్లంతా పలక చూసి జై కొట్టి వదిలారు. జనగామ పొలిమేరలో బండి ఆపించి, రషీదా సీసాలో నీళ్లతో కొంగు తడిపి పలక తుడిచింది. ఏపీ తళతళలాడింది. వేలు మాత్రం ఎంత రుద్దినా తెల్లబడలేదు.

మలుపులో కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. వంగి పలక చూశాడు.

"ఇదొక్కటే తడిగ ఎందుకున్నది?"

"నీళ్లు చిమ్మినయ్ సార్," ఇస్మాయిల్ తడబడ్డాడు.

"అమ్మా, చెయ్యి సూపియ్యి."

బురఖాలో దాచిన చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలు గోరుతో సహా నల్లగా ఉంది.

రషీదా తలెత్తింది. "నేనే రాసిన, నేనే తుడిసిన. బండి కావాల్నా, ఉంచుకో. నా బిడ్డ కాన్పు కాడికి మమ్ముల పోనియ్యి సారూ. నడుసుకుంటనన్న పోతం."

కానిస్టేబుల్ అటూ ఇటూ చూసి లాఠీ చంకలో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "పరేషాన్ గాకమ్మా, అది సబ్బుకు గూడ పోదు," అంటూ తన నల్లటి బొటనవేలు చూపించాడు. "డ్యూటీ ఎక్కే ముందు నా బండి పలక రోజూ నేనే తుడుసుకుంట గద!"