ఆరింటి దగ్గు

సరిగ్గా సాయంత్రం ఆరింటికి మెట్ల మీద దగ్గు వినిపించింది.

రాజ్యం జడ సర్దుకుని తలుపు తీసింది. హాల్లో టీపాయ్ మీద తెల్లటి మిషన్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"ఇవాళ యూకలిప్టస్ కదూ?" గుమ్మంలోంచే నిలదీశారు రామభద్రరావు. "కింద నా వంటింట్లోకి దిగిపోయింది వాసన! మనిషన్నవాడు బతకాలా వద్దా?"

"అవును, యూకలిప్టసే. బతకడానికే అన్నయ్యగారూ అది. ముక్కు దిబ్బడకి మంచిదట. లోపలికి రండి."

"మంచిదట! ఎవరన్నారు? సీసాలు అమ్మినవాడా?" అంటూనే వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నారు. మూడు నెలలుగా ఆ కుర్చీ ఆయనదే అయిపోయింది.

పద్మారావు నగర్‌లో ఆ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు రాజ్యంది. లెక్కల టీచరుగా చేసి ఈ ఏడే రిటైరైంది. వీడ్కోలు సభలో తోటి టీచర్లు ఈ సువాసనల మిషన్నీ, ఆరు నూనె సీసాల్నీ చేతిలో పెట్టారు. హాయిగా నిద్రపోండి మేడమ్ అన్నారు. వాళ్ళకేం తెలుసు? పెళ్ళి చేసుకోకుండా అక్కతోనే బతికిన మనిషి. ఆ అక్క కాస్తా రెండేళ్ళ కిందట పోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో గొంతు విప్పేది కుక్కరొక్కటే. నోరు పనిచేస్తోందో లేదోనని రాజ్యం ఒక్కోరోజు పేపరు పైకి చదువుకునేది.

రామభద్రరావుది కింది అంతస్తు. ఆసుపత్రి ఫార్మసీలో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైనాయన. భార్య పోయి చాలాకాలమైంది. ఋజువు లేని మాటంటే ఆయనకి ఒళ్ళు మంట.

అందుకే రాజ్యం ఫ్రిజ్ మీద ఆ నూనెల గురించి ఒక కాగితం వెలిసింది. మధ్యలో గీత. ఎడమవైపు మేలు, కుడివైపు కీడు. ఋజువు చూపించందే ఒక్క ముక్క కూడా ఎక్కకూడదని ఒప్పందం. ఆయన పేపరు కత్తిరింపులు తెచ్చేవారు, ఆవిడ ఇంటర్నెట్ వెతికేది.

"లావెండర్‌కి నిద్ర పడుతుందని రాశావు. పక్కన 'కొందరికి, కొంచెం' అని చేర్చు."

"నిన్ననే చేర్చాను."

"నూనె తిన్నగా ఒంటికి రాస్తే దద్దుర్లు. మింగితే ప్రమాదం. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆయాసం. రాశావా?"

"రాశాను. మరి పిప్పర్‌మెంట్‌తో తలనొప్పి తగ్గుతుందన్నది?"

"ఉండనీ. రోగాలే రావన్నది మాత్రం కొట్టెయ్. ఋజువేదీ?"

"కొట్టేస్తే నావైపు ఐదే మిగులుతాయి!"

"మిగలనీ!"

ఇలా గంటన్నర. మధ్యలో రెండు కాఫీలు. ఆ గంటన్నర కోసమే రాజ్యం పొద్దున్నే లేచేది. ఇంకెందుకు లేవాలో ఆవిడకి తెలీదు.

ఆ రోజు గొడవ మంచి పాకాన పడ్డప్పుడు తిరుమల్ వచ్చాడు. అసోసియేషన్ సెక్రటరీ.

"ఏందీ ఆంటీ, రోజూ ఈ లొల్లి? కింద పిల్లలు చదువుకుంటలేరంట. అంకుల్, మీరు సుత జెర మెల్లగ మాట్లాడున్రి."

"నన్నంటావేం? ఈవిడ నూనెల వాసనకి ఊపిరాడక చస్తున్నాను. అది అడుగు ముందు!"

తిరుమల్ ముక్కు ఎగబీల్చాడు. "నాకైతే ఏం తెలుస్తలేదు. మూడు రోజుల సంది జలుబు." కాసేపు ఆలోచించి ప్లగ్గు పీకేశాడు. "గిట్ల కాదు. ఈ మిషిన్ తీస్కపోయి ఆఫీస్ రూంల పెడతా. వాసనుండదు, లొల్లి ఉండదు. ఖతం."

ఆవిరి ఆగిపోయింది. రాజ్యం గడియారం వంక చూసింది.

మిషన్ పోతే ఆరింటికి దగ్గు ఎందుకు వినిపిస్తుంది? ఊరికే తలుపు తట్టి కూర్చునే రోజులా ఇవి? ఒంటరి ఆడదాని ఇంటికి ఒంటరి మగవాడు కారణం లేకుండా వస్తే నాలుగంతస్తులూ చెవులు కొరుక్కోవూ! వద్దనాలని నోరు తెరిచింది.

"ఉండవయ్యా!" రామభద్రరావు లేచి నిలబడ్డారు. "మేలెంతో కీడెంతో ఇంకా తేలందే! మధ్యలో పట్టుకుపోతే ఎలా?"

"ఊపిరాడ్తలేదని మీరే అంటిరి గదా అంకుల్!"

"ఆడకపోతే ఆడకపోనీ! నా ఊపిరి, నా ఇష్టం!"

తిరుమల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మిషన్ టీపాయ్ మీద పెట్టేశాడు. "మీకో దండం. తలుపేసుకోని కొట్లాడుకోన్రి" అని వెళ్ళిపోయాడు.

రామభద్రరావే వంగి ప్లగ్గు మళ్ళీ పెట్టారు. ఆవిరి లేచింది. వెంటనే రెండుసార్లు దగ్గారు.

"చూశావా ఎంత ఘాటో! కళ్ళు కూడా మండుతున్నాయమ్మా" అంటూ కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. రాజ్యం కాఫీ కలిపే నెపంతో వంటింట్లోకి పోయి తన కళ్ళూ తుడుచుకుంది.

"రేపు నిమ్మగడ్డి వేస్తావేమో, దాని సంగతి చదివి మరీ వస్తాను" అని బెదిరించి, ఏడున్నరకి ఆయన మెట్లు దిగారు.

రాజ్యం మిషన్ మూత తీసి, రేపటి కోసం కుళాయి కింద పెట్టి నీళ్ళు పట్టింది.

మూడు నెలల కిందట, మొట్టమొదటి రోజు ఆయన నిజంగానే ఉక్కిరిబిక్కిరవడం చూసి భయపడి, ఆ ఆరు నూనె సీసాల్నీ ఆ సాయంత్రమే చెత్తబండిలో పడేసింది ఆవిడ.