అద్దరి దీపం

"మునిగిపోను కాదత్తయ్యా, నిలిచిపోను," అంది పెద్దకోడలు, చెవుల మీది హెడ్‌ఫోన్ తీస్తూ. "మళ్లీ పాత మాటే అనేశారు."

"నోటికి వచ్చేది అదే," అంది అత్త.

అద్దం అవతల రికార్డింగ్ ఆయన తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస. కుట్టుమిషన్లు మూసిపెట్టి నలుగురు ఆడవాళ్లు, అంటే అత్త, ఇద్దరు కోడళ్లు, ఆడపడుచు, కలిసి చేస్తున్న మొదటి ఆల్బం ఇది. మిగతా పాటలన్నీ అయిపోయాయి. ఆల్బానికి పేరిచ్చిన 'అద్దరి దీపం' ఒక్కటే మిగిలింది. సాయంత్రానికి గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ పాట లేకపోతే ఆల్బమే లేదు.

పాట చిన్నదే. ఏటి అవతలి ఒడ్డున వెలిగే దీపానికి ఆశపడి, పెళ్లాన్ని వదిలి పడవెక్కే మగాడి మీద. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు తరతరాలుగా పాడుకుంటున్నారని పెద్దకోడలి నమ్మకం. పుట్టింట్లో ఆమె తల్లి కూడా పాడేది. చివర్లో పెళ్లాం శాపం పెడుతుంది.

అద్దరి దీపానికి ఆశపడ్డ దొరా,
నడి ఏట నీ పడవ మునిగిపోను!

ఆ మాట మార్చింది పెద్దకోడలే. అత్త కోసమే మార్చింది. మామ పడవ మునిగే పోయాడు. పెద్దకోడలు కాపురానికి రాకముందు సంగతి. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు. ఆ మాట అత్త నోట పలికించి ఊరంతా వినిపించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నిలిచిపోను ఏంటక్కా, చప్పగా!" అని గొణిగింది చిన్నకోడలు. "పడవ నిలిస్తే వాడికేం పోయింది? కాసేపు చేపలు పట్టుకుంటాడు."

ఆడపడుచు నవ్వాపుకుంది.

"ఇద్దరూ నోర్ముయ్యండి," అని కసిరింది పెద్దకోడలు.

"చిన్నది సరిగ్గా చెప్పింది," అంది అత్త. "మాట మారిస్తే పాట చచ్చినట్టే."

"మీకు కష్టంగా ఉంటుందని..."

"కష్టమని నేనన్నానా?"

"అది కాదు, మామయ్యగారు..."

"ఆయన ఊసెందుకిప్పుడు? నా గొంతు మీద నీకు నమ్మకం ఉందా లేదా, అది చెప్పు."

ఆ గొంతు వినే ఇంట్లో ముగ్గురూ పాట నేర్చారు. పెద్దకోడలు తల ఊపింది.

"ఉంది."

"అయితే పక్కకు జరుగు. చివరి చరణం నేనొక్కదాన్నే ఎత్తుకుంటా. మీరు వెనక అందుకోండి."

అత్త కళ్లు మూసుకోలేదు. అద్దంలోకి సూటిగా చూస్తూ పాడింది. 'మునిగిపోను' దగ్గర గొంతు వణకలేదు. బండ మీద తడిబట్ట బాదినట్టు పడింది ఆ మాట. వెనక మూడు గొంతులూ ఆ ఊపులోనే లేచాయి.

రికార్డింగ్ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఇక దీన్ని నేను ముట్టుకోను. ఇలాగే ఉండనీ."

పెద్దకోడలి కళ్లు నిండాయి. అంత దుఃఖం దిగమింగి, పాట కోసం ఆ మాట అనగలిగింది ఈవిడ. అత్త చెయ్యి పట్టుకుంది. "గుండె రాయి చేసుకుని పాడారత్తయ్యా."

అత్త చెయ్యి విడిపించుకుని మంచినీళ్ల సీసా అందుకుంది.

"ఆల్బం అట్ట మీద ఈ పాట కట్టినవారి పేరేం వెయ్యమంటారు?" అని అడిగాడు రికార్డింగ్ ఆయన.

"పాత పాటండీ. ఎవరు కట్టారో తెలియదని వేసెయ్యండి," అంది పెద్దకోడలు.

"తెలియకపోవడమేంటి?" అంది అత్త. "నా పేరు వెయ్యి నాయనా. రేవులో ఉతుకుతూ నేను కట్టిందే. ఆ నోటా ఈ నోటా పడి ఈ పెద్దదాని పుట్టింటిదాకా పోయుంటుంది."

చిన్నకోడలు నోరు తెరిచింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరడిగారు?"

పెద్దకోడలికి ఇక ఏడుపు ఆగలేదు. "మామయ్యగారు పోయాక ఎంత దుఃఖంలో కట్టుంటారో..."

అత్త గుక్కెడు నీళ్లు తాగి, సీసా మూత బిగించింది.

"పోకముందే కట్టాను," అంది.