అందరూ బయటికి వచ్చాకే

నార్కట్‌పల్లి దగ్గరి బత్తాయిల కోల్డ్ స్టోరేజీలో తలుపులు మూసేది ఇప్పుడు ఏఐ ఏజెంటు. ఏ పని ఎప్పుడు చేయాలో దానికి అర్థమయ్యేలా రాసిపెట్టడం స్వరూప పని. "అందరూ బయటికి వచ్చాకే తలుపు మూయాలి" అని రాసి, ఆ రాత్రి తానే లోపలికి వెళ్లి వచ్చి చూసింది. తలుపు కదల్లేదు.

"ఇంకా అందరూ రాలేదు" అంది ఏజెంటు, తలుపు పక్కనున్న స్పీకరులోంచి.

వాచ్‌మన్ మైసయ్య టార్చి పట్టుకుని మూలమూలా వెతికి వచ్చాడు. "ఎవ్వల్లేరు బిడ్డా. ఉత్త డబ్బాలే ఉన్నయ్."

ఎలుకనో పిల్లినో లెక్కపెడుతోందేమో అనుకుంది స్వరూప. ఆ వాక్యంలో "అందరూ" కొట్టేసి "మనుషులందరూ" అని రాసింది.

తలుపు వెంటనే మూసుకుంది. మైసయ్య హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు లోపలి నుంచి ఎవరో మెల్లగా తలుపు తట్టారు.

"జర ఆగుండ్రి. నేను గూడ వస్త."