మునిరత్నమ్మ అడిగిన సాక్షి

“ప్రభువా, మా శత్రువుల ముందర నిజం సెప్పే మనిషిని ఒక్కర్నయినా పంపు!” భర్త శాంతయ్య మంచం పక్కన మోకరించి ఏడుస్తోంది మునిరత్నమ్మ.

ఊరి పెద్దలు చెరువు మట్టిని దొంగతనంగా తోలుకుంటున్నారని అర్జీ పెట్టినందుకు అతని కాళ్లు విరగ్గొట్టారు. చూశామని ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదు.

“నేను సూసినాను గదమ్మా,” అంది వెనక నుంచి కూతురు కోమలి. “నువ్వే సెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంటివి.”

“సెప్తే నిన్నూ బతకనీరు పాపా.”

“ఊళ్లో అమ్మలంతా వాళ్ల బిడ్డలకి ఇదే మాట సెప్పుంటారు.”

మునిరత్నమ్మ ప్రార్థన ఆగిపోయింది. ఇంకొకరి బిడ్డను పంపమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

లేచి, కూతురి చెయ్యి పట్టుకుని సత్యవేడు పోలీసు స్టేషనుకు బయల్దేరింది. “నా ఒట్టు తీసేస్తా ఉండా పాపా, సూసింది సూసినట్టు సెప్పు,” అంది గడప దాటుతూ.