బడికి తాళం

“ఓ మేడమ్, జర ఆగు! మా ఉపేందర్ సారేడి?”

బడి గుమ్మంలోనే సైదమ్మ ఆమెను నిలేసింది.

వానలు మొదలైనప్పటి నుంచి ఎవరో ఒకామె వచ్చి పాఠాలు చెప్పి పోతోంది. పేరు ఎస్తేరట. మాట కోదాడ వైపు మాట. అంతకు మించి ఊళ్లో ఎవరికీ తెలీదు.

“సార్ వేరే పని మీద వెళ్లారక్కా. బడి నడుస్తుంది కదా, నడవనియ్యండి.”

“ఏం పని? సూర్యాపేటల ప్లాట్లు అమ్ముతుండని అందరంటున్నరు. ఎప్పుడో ఒకనాడు మొకం సూపెడ్తడు. జీతం ఆయన తినుకుంట, నీకింత పడేసి గీడికి తోలుతుండు. గంతేనా?”

ఎస్తేరు తల వంచుకుంది.

“సూసిండ్రా, నోట్లె మాట లేదు!” వెనకున్న తల్లిదండ్రుల వైపు తిరిగింది సైదమ్మ.

సైదమ్మకు కోపం రాదా మరి? ఆమె కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. ఉన్నవాళ్ల పిల్లలు ఎప్పుడో ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కేశారు. మిగిలిన గుప్పెడు మందిలో ఆమె కూతురు కవిత ఒకతి. ఈ బడి పోతే ఆ పిల్ల హైవే దాటి అవతలి ఊరికి నడవాలి. ఆ రోడ్డంటేనే సైదమ్మకు గుండె దడ.

“అసలు సారు వచ్చేదాక బడి తెరిసేది లేదు!”

తల్లిదండ్రులంతా కలిసి ఎస్తేరును బయటికి పంపి తలుపుకు తాళం వేశారు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. టీచర్ కావాలంటే మన ఊళ్లలో చేసేది ఇదే కదా, పాపం!

“తాళం మాత్రం వెయ్యకండక్కా. మీ కాళ్లు మొక్కుతా.”

“నడువమ్మా, నడువు!”

వారం తిరక్కుండానే మండల విద్యాఫీసు నుంచి అధికారి వచ్చాడు.

“టీచర్లు సాలక మీ ఉపేందర్‌నే ఇంకో బడిక్కూడ సర్దినం. రెండూ సూసుకుంటుండె. తాళమేసిన బడికి ఇగ టీచరెందుకు? మీ పిల్లల్ని హైవే అవతలి బడిల కలిపినం.”

“మరి ఆ మేడమ్ సారూ?” సైదమ్మ అడిగింది.

“ఏ మేడమ్? మేమెవర్నీ పంపలే.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మర్నాడు పొద్దున సైదమ్మ కవిత చెయ్యి గట్టిగా పట్టుకుని హైవే పక్కన నిలబడింది. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. అటుగా వెళ్తున్న ఉపేందర్ సారు బండి ఆపాడు.

“నేను లేని దినాల్ల పాఠం చెప్తనని ఆమెనే వచ్చి అడిగింది సైదమ్మా. ఒక్క రూపాయి తీసుకోలే. నేను రెండు బడులకు తిరుగుతున్నట్టు తెలిస్తే మిగిలినోళ్లు గూడ పిల్లల్ని వ్యాన్ ఎక్కిస్తరని, బడి మూతపడ్తదని నోరు మూసుకున్నది.”

“అయ్యో, నా నోరు పడిపోను! ఎవరు సారూ ఆమె? మా బడి ఉంటే ఏంది, పోతే ఏంది ఆమెకు?”

సారు బండి దిగాడు.

“పోయినేడు వాళ్లూరి బడి గిట్లనే మూస్తే, అవతలి బడికని గీ రోడ్డు దాటుకుంట లారీ కింద పడి పాణం పోయిన పిలగాని తల్లి సైదమ్మా ఆమె.”