కంచె పక్క గుట్ట

"సత్యవేదం, ముందుకొచ్చి సాక్ష్యం చెప్పు," అన్నారు పాస్టరు జీవన్ కుమార్ అయ్యగారు.

సత్యవేదం మెల్లగా లేచి ముందుకు నడిచాడు.

ఆ ఆదివారం సుమ్మాదేవి చర్చిలో కోతల పండుగ. బల్ల ముందు కానుకగా వచ్చిన కొబ్బరికాయలు, ధాన్యం, అరటి గెలలు. వాటి మధ్య సత్యవేదం తెచ్చిన గుమ్మడికాయ. దాన్ని మొయ్యడానికి ఇద్దరు పట్టారు.

"ఇంత కాయ ఊళ్లో ఎవరూ కాయించలేదు. ఏం ఎరువు వేశావో సంఘానికి చెప్పు."

చెబితే ఇంకేముంది, కొంప మునిగినట్టే!

యూరియా కోసం పలాసలో మూడు రోజులు లైన్లో నిలబడి, ఉత్త చేతుల్తో వచ్చాడు. ఇక్కడ చూస్తే పాదులు పసుపెక్కుతున్నాయి. పక్క తోటలో లీలమ్మ టెక్కలి నుంచి లారీతో దింపించుకున్న కోళ్ల ఎరువు గుట్టగా పడి ఉంది. ఒక్క తట్టే కదా అనుకున్నాడు. కోడి కూయకముందే కంచె దూరాడు.

ఆ తట్ట వేసిన పాదు నాలుగు రోజుల్లో మాడిపోయింది. లబోదిబోమన్నాడు. వారం తిరక్కుండా కంచెకి అవతల పక్కనే ఇంకో గుట్ట వెలిసింది. నల్లగా, పొడిపొడిగా, కంపు కూడా లేదు. తన అదృష్టం అనుకున్నాడు, పిచ్చి మాలోకం! ఒక తట్ట కాస్తా ఇరవై తట్టలయ్యాయి.

ఇప్పుడు ముందు వరసలోనే లీలమ్మ. పాటల బృందంలో కూతురు కెజియా, తండ్రిని చూసుకుని మురిసిపోతోంది. నిజం చెబితే పిల్ల ముందు దొంగ. అబద్ధం చెబుదామా అంటే దేవుడి ఇల్లు. తలుపు వైపు చూశాడు. అక్కడా జనమే, ఎటూ కదిలే దారి లేదు.

"కోడి పెంట..." అన్నాడు.

"మంచిది. ఎక్కడ దొరికింది? మిగతావాళ్లూ తెచ్చుకుంటారు."

సత్యవేదం గుమ్మడికాయ కేసి చూశాడు. దాన్ని ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకున్నాడు.

"లీలమ్మక్కది అయ్యగారూ. అడగనేదు. దొంగతనంగా ఎత్తుకొచ్చినాను."

కెజియా మొహంలో నవ్వు మాయమైంది. చర్చిలో గుసగుసలు లేచాయి. సత్యవేదం తల ఎత్తలేకపోయాడు.

లీలమ్మ కొంగు సర్దుకుంటూ లేచి నిలబడింది.

"దొంగతనమేటి? పచ్చి పెంటకి నీ పాదు మాడిపోనాదని సూసి, మాగిన గుట్టని కంచె కాడికి మోయించినాను కదా తమ్ముడూ!"